బీరు పులియడం పూర్తయిందని కొలిచి తెలుసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి వెళ్ళి డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడి, అక్కడ ఇంట్లోనే బీరు తయారు చేసుకుంటున్న వారు, హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో కొత్తగా పనిలో చేరిన వారు, ఇక్కడి డిగ్రీ కళాశాలల్లో సూక్ష్మజీవశాస్త్రం చదువుతూ ఈస్ట్ గురించి తెలుసుకోవాలనుకునే విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. బీరు తయారీ మొత్తాన్ని ఇక్కడ వివరించడం లేదు. పులియడం ఎప్పుడు ఆగింది, ఆగిందని ఏ ఆధారంతో చెప్పగలం అన్న ఒక్క విషయానికే పరిమితమయ్యాము.

నల్లగొండలో మా ఇంట్లో బీరు తయారు చేసుకోవచ్చా?

చేసుకోకూడదు. ఉమ్మడి రాష్ట్రంలో 1968లో చేసిన ఎక్సైజ్ చట్టమే ఇప్పుడు తెలంగాణలోనూ అమల్లో ఉంది. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం దాని ప్రకారం నేరం. తరతరాలుగా సాగుతున్న కల్లు గీతకు కూడా లైసెన్సు విధానం ఉన్నదన్న సంగతి మన ఊళ్ళలో అందరికీ తెలిసిందే. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల ఇంటి వాడకానికి బీరు తయారు చేసుకోవడం సమాఖ్య స్థాయిలో పన్ను లేకుండా అనుమతించబడింది. పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్ల వరకు పరిమితి. అయినా అలబామా, మిసిసిపీ రాష్ట్రాల్లో 2013 దాకా అది కుదరలేదు. కాబట్టి మీరున్న చోటి నిబంధన ఏమిటో ముందుగా చూసుకోవాలి.

ఎయిర్‌లాక్‌లో (పాత్ర మూతకు అమర్చే, వాయువును బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని నీటి గొట్టం) బుడగలు ఆగిపోయాయి. పులియడం పూర్తయినట్టే కదా?

అలా చెప్పలేము. అందరినీ ఎక్కువగా తప్పుదారి పట్టించే గుర్తు ఇదే. బుడగ వస్తున్నదంటే పాత్రలో నుంచి వాయువు బయటికి పోతున్నదని మాత్రమే అర్థం. ఆ వాయువు ఈస్ట్ ఇప్పుడు పుట్టించినదా, నిన్నటిదాకా ద్రవంలో కరిగి ఉండి గది వేడెక్కడం వల్ల ఇప్పుడు బయటపడుతున్నదా అన్నది బుడగను చూసి తేల్చలేము. పొద్దున చల్లగా ఉన్న గది మధ్యాహ్నానికి నాలుగైదు డిగ్రీలు వేడెక్కితే, ఎప్పుడో పులియడం ముగిసిన బీరు కూడా మళ్ళీ బుడగలు వదులుతుంది. మరోవైపు, మూత రబ్బరు సరిగా బిగుసుకోకపోతే వాయువంతా ఆ సందులో నుంచే పోయి, ఈస్ట్ జోరుగా పని చేస్తున్న రోజున కూడా ఎయిర్‌లాక్‌లో ఒక్క బుడగ కనిపించదు. ప్లాస్టిక్ బకెట్లలో ఇది సర్వసాధారణం.

పైన నురగ దిగిపోవడం, ఈస్ట్ అడుగుకు చేరి బీరు తేటపడడం కూడా ఇలాంటి గుర్తులే. ఇక కొలవడం మొదలుపెట్టవచ్చునని అవి సూచిస్తాయి, అంతకు మించి వాటికి విలువ ఇవ్వకూడదు.

అయితే దేన్ని కొలవాలి?

సాపేక్ష సాంద్రతను కొలవాలి. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ వంటి ధాన్యం) నుంచి తీసిన తియ్యటి ద్రవాన్ని వర్ట్ అంటారు. చక్కెరలు కరిగి ఉండడం వల్ల అది నీటి కంటే బరువుగా ఉంటుంది, నీటిని 1.000 అనుకుంటే, మామూలు బీరుకు వాడే వర్ట్ 1.040 నుంచి 1.060 మధ్య ఉంటుంది. ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడును తయారు చేస్తుంది. చక్కెర తగ్గుతుంది, నీటి కంటే తేలికైన ఆల్కహాలు పెరుగుతుంది, ఈ రెండు కారణాల వల్ల సాంద్రత దిగుతూ వచ్చి ఒకచోట నిలిచిపోతుంది. ఆ నిలిచిన చోటును పట్టుకోవడమే మన పని.

దీనికి వాడే హైడ్రోమీటర్ మన ఊరి వారికి కొత్తదేమీ కాదు. పాల సేకరణ కేంద్రంలో నీళ్ళు కలిశాయేమోనని పాలలో వేసి చూసే లాక్టోమీటర్ ఆ జాతిదే. అక్కడ 28 అని చదివితే సాంద్రత 1.028 అని అర్థం. అయితే లాక్టోమీటర్ గీతలు సాధారణంగా 15 నుంచి 40 వరకే ఉంటాయి, బీరు పులియడం ముగిసే సరికి సాంద్రత అంతకంటే కిందికి పోతుంది కనుక అది ఇక్కడ పనికి రాదు. వాహనాల విడిభాగాల దుకాణంలో హైడ్రోమీటర్ అని అడిగితే ఇచ్చే పరికరం అసలే వద్దు. అది బ్యాటరీలోని ఆమ్లాన్ని కొలిచేది. దాని గీతలు 1.100 దగ్గర మొదలవుతాయి, పైగా ఆమ్లం తగిలిన పరికరాన్ని తాగే పదార్థం దగ్గరికే రానివ్వకూడదు. మీకు కావలసినది 0.990 నుంచి 1.100 దాకా, లేదా అంతకంటే కొంచెం పైదాకా గీతలున్న బీరు, వైన్ హైడ్రోమీటర్.

హైడ్రోమీటర్‌ను సరిగా చదవడం ఎలా?

ముందుగా పరికరాన్నే పరీక్షించాలి. దాని మీద ఏ ఉష్ణోగ్రతకు తయారు చేశారో రాసి ఉంటుంది, ఎక్కువగా 20 డిగ్రీల సెల్సియస్, కొన్ని పాత రకాల మీద 15.6 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రతలో ఉన్న శుద్ధమైన నీటిలో వేస్తే 1.000 చూపాలి. మన బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ కాబట్టి ఈ పరీక్షకు డిస్టిల్డ్ వాటర్ వాడడం మేలు. 1.002 చూపితే పరికరాన్ని పారేయనవసరం లేదు, ప్రతిసారీ 0.002 తీసివేస్తే సరిపోతుంది. గాజు గొట్టంలోని కాగితం జారిపోయిందని అనుమానం వస్తే మాత్రం కొత్తది కొనాలి.

తర్వాత క్రిములు లేకుండా శుభ్రం చేసిన పరికరంతో సుమారు 100 మిల్లీలీటర్ల బీరును పొడవాటి జాడీలోకి తీయాలి. పులుస్తున్న బీరులో వాయువు కరిగి ఉంటుంది, ఆ బుడగలు హైడ్రోమీటర్‌కు అంటుకుని దాన్ని పైకి లేపుతాయి, అప్పుడు అసలు విలువ కంటే ఎక్కువ కనిపిస్తుంది. అందువల్ల నమూనాను రెండు గ్లాసుల మధ్య చాయ్ ఆరబోసినట్టు పలుమార్లు వంచి వాయువు పోనివ్వాలి. హైడ్రోమీటర్‌ను దించి ఒకసారి గిర్రున తిప్పి వదిలి, అది జాడీ గోడకు ఆనకుండా నిలిచాక, కంటిని ద్రవం మట్టానికి తెచ్చి, గాజు చుట్టూ పైకి ఎగబాకిన అంచు దగ్గర కాకుండా అసలు మట్టం దగ్గర చదవాలి. కొలిచిన నమూనాను తిరిగి పాత్రలో పోయకూడదు. రుచి చూసి పారబోయడమే మంచిది.

మా దగ్గర ఎండలు ఎక్కువ. ఉష్ణోగ్రత వల్ల లెక్క తప్పుతుందా?

తప్పుతుంది. మన ప్రాంతంలో ఈ తప్పు చిన్నదేమీ కాదు. ద్రవం వేడెక్కితే పలచబడి సాంద్రత తగ్గుతుంది. 20 డిగ్రీలకు తయారైన హైడ్రోమీటర్‌తో 30 డిగ్రీల దగ్గర చదివితే సుమారు 0.003, 35 దగ్గర 0.004, 40 దగ్గర 0.006 కలపాలి. 40 డిగ్రీల వర్ట్‌లో 1.044 అని చదివి అలాగే రాసుకున్న విద్యార్థి, అసలు 1.050 ఉన్న వర్ట్‌ను పలచనిదిగా లెక్కించినట్టు. చివరికి 5 శాతం ఆల్కహాలు ఉన్న బీరు అతని పుస్తకంలో 4.2 శాతంగా నమోదవుతుంది.

పులియడం ఆగిందో లేదో తేల్చే చోట ఇది ఇంకా ముఖ్యం. సోమవారం మధ్యాహ్నం 36 డిగ్రీల గదిలో తీసిన నమూనా, బుధవారం తెల్లవారుజామున 24 డిగ్రీల దగ్గర తీసిన నమూనా రెండూ 1.014 చూపాయనుకుందాం. చూడడానికి ఒకటే సంఖ్య, కానీ సవరించి చూస్తే మొదటిది 1.018, రెండవది 1.015. అంటే బీరు ఇంకా పులుస్తూనే ఉంది, ఉష్ణోగ్రత తేడా ఆ సంగతిని కప్పిపెట్టింది. దీనికి తేలికైన పరిష్కారం ఒకటుంది: ప్రతి నమూనానూ చన్నీళ్ళ గిన్నెలో పెట్టి, థర్మామీటర్‌తో చూస్తూ ఒకే ఉష్ణోగ్రతకు తెచ్చాకే చదవాలి. పట్టిక చూసి సవరించే కన్నా ఈ పద్ధతే నమ్మకమైనదని మా అభిప్రాయం.

ఎన్నిసార్లు, ఎన్ని రోజుల తేడాతో కొలవాలి?

ఒక్కసారి కొలిస్తే సాంద్రత ఎంత ఉందో తెలుస్తుంది గాని నిలిచిందో లేదో తెలియదు. వెచ్చగా, త్వరగా పులిసే మామూలు ఏల్ రకం బీరుకు రెండు మూడు రోజుల తేడాతో తీసిన రెండు నమూనాలు, ఇంకా నమ్మకం కావాలంటే మూడు నమూనాలు, ఒకే విలువ చూపాలి. చల్లగా 9 నుంచి 13 డిగ్రీల మధ్య పులిసే లాగర్‌లో ఈస్ట్ నెమ్మదిగా పని చేస్తుంది కాబట్టి నాలుగైదు రోజుల తేడా ఉండాలి. ఈస్ట్ వేసిన మర్నాటి నుంచి రోజూ మూత తెరిచి కొలిచేవారు కొందరున్నారు. దానివల్ల బీరు తగ్గడం, క్రిములు చేరే అవకాశం పెరగడం తప్ప లాభం లేదు. ఏల్ అయితే వారం దాటాక మొదటి నమూనా తీస్తే చాలు.

ఆ సంఖ్య నిలిచింది. అది సరైన చోటే నిలిచిందని ఎలా తెలుస్తుంది?

ఈస్ట్ ప్యాకెట్ మీద లేదా తయారీదారు ఇచ్చే పత్రంలో ఆ రకం ఎంత శాతం చక్కెరను తింటుందో ఉంటుంది. ఏల్ ఈస్ట్‌లలో చాలావాటికి అది 70 నుంచి 80 శాతం. మొదటి సాంద్రతలో 1.000 పైన ఉన్న భాగాన్ని తీసుకుని లెక్కించాలి: 1.050 తో మొదలై 1.012 దగ్గర నిలిస్తే, 50లో 38 పోయింది, అంటే 76 శాతం. ఇది నమ్మదగిన ముగింపు. అదే బీరు 1.024 దగ్గర నిలిస్తే 52 శాతమే అయింది, అక్కడ ఏదో అడ్డుపడింది.

అయితే ఈ శాతాన్ని శిలాశాసనంలా చూడకూడదు. మాల్ట్‌ను వేడినీటిలో నానబెట్టినప్పుడు 63 నుంచి 65 డిగ్రీల దగ్గర ఉంచితే ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువగా వస్తాయి, 68 నుంచి 70 దగ్గర ఉంచితే అది తినలేని డెక్స్‌ట్రిన్లు ఎక్కువగా మిగులుతాయి. బెల్లం గాని చక్కెర గాని కలిపితే ముగింపు ఇంకా కిందికి పోతుంది. పాల చక్కెర అయిన లాక్టోజ్ కలిపితే బీరు ఈస్ట్ దాన్ని ముట్టదు కనుక ముగింపు పైనే ఉంటుంది.

కల్లు ఒక్క పూటలోనే పులుస్తుంది, తీపంతా పోతుంది. బీరు మాత్రం 1.012 దగ్గరే ఎందుకు ఆగుతుంది?

చక్కెరల రకంలో ఉన్న తేడా వల్ల. తాటి, ఈత చెట్ల నుంచి దిగే నీరాలో ఉండేది ప్రధానంగా సుక్రోజ్. ఈస్ట్ దాన్ని సులభంగా విడగొట్టి దాదాపు మొత్తం తినేయగలదు. పైగా లొట్టిలో ముందు నుంచే ఉన్న ఈస్ట్, బాక్టీరియా చెట్టు మీదనే పని మొదలుపెడతాయి, మన ఎండ వేడి దానికి తోడవుతుంది, అందుకే తెల్లవారుజామున తియ్యగా ఉన్నది పొద్దెక్కే సరికి పులుస్తుంది. వర్ట్‌లో ఉండేది పిండి పదార్థం విరిగి ఏర్పడిన చక్కెరల మిశ్రమం. అందులో మాల్టోజ్‌ను ఈస్ట్ తింటుంది, పెద్ద గొలుసులైన డెక్స్‌ట్రిన్లను వదిలేస్తుంది. బీరు నోట్లో నిండుగా అనిపించడానికి కారణం ఆ మిగిలినవే. కాబట్టి 1.000 చేరేదాకా ఆగుదామని ఎదురుచూడడంలో అర్థం లేదు.

రిఫ్రాక్టోమీటర్ ఉంటే రెండు చుక్కలు చాలు కదా, ఇంత బీరు ఎందుకు పారబోయాలి?

ద్రవం కాంతిని ఎంత వంచుతుందో చూసి, బత్తాయి, మామిడి తియ్యదనాన్ని బ్రిక్స్‌లో (చక్కెర శాతాన్ని చెప్పే కొలమానం) చూపే ఈ పరికరం పులియకముందు వర్ట్‌ను కొలవడానికి చక్కగా పనికొస్తుంది. పులిసిన తర్వాత మాత్రం అది చూపే సంఖ్యను అలాగే తీసుకోకూడదు, ఎందుకంటే ఆల్కహాలు కూడా కాంతిని వంచుతుంది, పరికరం దాన్ని చక్కెరగా భావిస్తుంది. 12.4 బ్రిక్స్‌తో, అంటే 1.050 తో మొదలైన బీరు పూర్తిగా పులిసి 1.012 కు చేరినా, రిఫ్రాక్టోమీటర్ ఇంచుమించు 6.4 చూపుతుంది. దాన్ని మామూలు పట్టికలో చూస్తే 1.025 అని వస్తుంది, పులియడం మధ్యలో ఆగిందేమోనని కంగారు పడతారు. మొదటి బ్రిక్స్, ఇప్పటి బ్రిక్స్ రెండూ తీసుకుని సవరించే సూత్రాలున్నాయి. అవి దగ్గరి అంచనా ఇస్తాయి. అయితే విలువ నిలిచిందా అన్నది చూడడానికి సవరణే అక్కర్లేదు: మూడు రోజుల తేడాతో అదే 6.4 వస్తే నిలిచినట్టే. అయిదు లీటర్ల చిన్న పాత్ర వాడేవారు రోజువారీ పరిశీలనకు దీన్ని వాడి, చివరి నమూనాను మాత్రం హైడ్రోమీటర్‌తో చూడడం సబబు.

సీసాల్లో నింపడానికి రెండు మూడు పాయింట్ల (అంటే 0.002, 0.003) తేడా అంత పెద్ద విషయమా?

అవును, ఈ కొలతలన్నీ అవసరమయ్యేది ఇందుకోసమే. బీరులో వాయువును వాల్యూముల్లో లెక్కిస్తారు; ఒక లీటరు బీరులో ఒక లీటరు కార్బన్ డయాక్సైడ్ ఉంటే ఒక వాల్యూమ్. మామూలు బీరుకు రెండున్నర వాల్యూముల లోపు చాలు. పులియడం ముగిశాక 20 డిగ్రీల దగ్గర బీరులో సుమారు 0.85 వాల్యూమ్ మిగిలే ఉంటుంది. సీసాలో నురగ రావడానికి లీటరుకు 6 గ్రాముల చక్కెర కలిపితే మరో ఒకటిన్నర చేరుతుంది, మొత్తం 2.35 దాకా అవుతుంది, ఇది సరైన మోతాదు. ఇప్పుడు ఆ బీరు 1.012 కు చేరవలసినది 1.016 దగ్గర ఉండగానే నింపారనుకోండి. మిగిలిన ఒక్కో పాయింటు, అంటే 0.001, సుమారు అర వాల్యూమ్ వాయువునిస్తుంది. నాలుగు పాయింట్లకు రెండు వాల్యూములు పెరిగి మొత్తం 4.3 దాటుతుంది. మామూలు బీరు సీసాలు అంత ఒత్తిడిని భరించడానికి చేసినవి కావు. వేడి గదిలో ఆ ఒత్తిడి మరింత పెరుగుతుంది, సీసా పగిలి గాజు పెంకులు ముఖానికి, కళ్ళకు తగిలే ప్రమాదం ఉంది.

అందువల్ల అనుమానం ఉన్నప్పుడు నింపకపోవడమే సరి. మరో వారం పాత్రలో ఉంటే బీరుకు ఏ నష్టమూ లేదు.

ముగింపు ఎక్కడో ముందుగానే తెలుసుకునే మార్గం ఉందా?

ఉంది, బ్రూవరీల్లో ఎప్పటి నుంచో వాడుతున్నదే. ఈస్ట్ వేసే రోజున ఓ పావు లీటరు వర్ట్‌ను శుభ్రమైన సీసాలోకి తీసి, అందులో అవసరానికి మించి ఈస్ట్ వేసి, మూత వదులుగా పెట్టి, 25 డిగ్రీలకు పైన వెచ్చగా ఉంచి అప్పుడప్పుడు కుదుపుతూ ఉండాలి. రెండు మూడు రోజుల్లో అది పూర్తిగా పులిసిపోతుంది, దాని సాంద్రతే మీ పెద్ద పాత్ర చేరవలసిన చోటు. దీని రుచితో పని లేదు గనుక వేడిని నియంత్రించనవసరం లేదు. మన వైపు మార్చి నుంచి జూన్ దాకా ప్రయోగశాల బల్ల మీద పెడితే సరిపోతుంది. ఇంత తేలికైన పరీక్షను ఇళ్ళల్లో బీరు చేసేవారు ఎందుకో పెద్దగా పట్టించుకోరు.

సాంద్రత 1.022 దగ్గర ఆగిపోయి కదలడం లేదు. ఏం చేయాలి?

ముందుగా పరికరాన్ని, ఉష్ణోగ్రతను, రిఫ్రాక్టోమీటర్ వాడితే సవరణను మళ్ళీ చూసుకోవాలి. ఆగిపోయిందని చెప్పే సందర్భాల్లో చాలావరకు ఆగింది బీరు కాదు, లెక్క. కొలత నిజమే అయితే పాత్రను రెండు మూడు డిగ్రీలు వెచ్చబరచి, మూత తీయకుండా మెల్లగా ఊపి అడుగున చేరిన ఈస్ట్‌ను లేపాలి. నాలుగైదు రోజులకు కూడా కదలకపోతే, విడిగా కొంచెం వర్ట్‌లో చురుగ్గా పులుస్తున్న తాజా ఈస్ట్‌ను వేయవచ్చు. పైన చెప్పిన సీసా పరీక్ష కూడా 1.022 దగ్గరే ఆగి ఉంటే మాత్రం అదే ముగింపు, ఇంకేమీ చేయనవసరం లేదు.

అనుకున్న దానికంటే చాలా కిందికి, 1.003 దాకా పోయింది. మంచిదేనా?

బెల్లం, చక్కెర ఎక్కువగా వేసి ఉంటే సహజమే. సేజోన్ అనే బెల్జియం పద్ధతి ఏల్ రకాలకు వాడే కొన్ని ఈస్ట్‌లు డెక్స్‌ట్రిన్లను కూడా విడగొట్టి తింటాయి కనుక అక్కడ కూడా సహజమే, అయితే అవి నెమ్మదిగా వారాల తరబడి పని చేస్తాయి కాబట్టి ఎక్కువ రోజుల తేడాతో కొలవాలి. ఈ రెండూ కాకపోతే బయటి ఈస్టో బాక్టీరియానో చేరిందని అనుమానించాలి. కల్లు మడ్డిని ఈస్ట్‌గా వాడి బీరు చేస్తే ఎలా ఉంటుందని కొందరు అడుగుతుంటారు. అందులో ఎన్నో రకాల సూక్ష్మజీవులు కలిసి ఉంటాయి, పులుపు తప్పదు, ముగింపు ఎక్కడో ముందుగా చెప్పలేము, అలాంటి బీరును సీసాల్లో బిగించి దాచడం క్షేమం కాదు.

సాంద్రత నిలిచిన రోజునే సీసాల్లో నింపవచ్చా?

చక్కెర అయిపోయినా ఈస్ట్ పని అక్కడితో ముగియదు. పులిసేటప్పుడు డైఅసిటైల్ అనే పదార్థం ఏర్పడి వెన్న వాసన ఇస్తుంది, దాన్ని ఈస్టే చివరి రోజుల్లో తిరిగి తీసుకుని తగ్గిస్తుంది. పరీక్షించడానికి కొంచెం బీరును మూత పెట్టిన గ్లాసులో పోసి 60 నుంచి 70 డిగ్రీల వేడినీటిలో ఓ ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి, వేడి చేయని నమూనాతో పోల్చి వాసన చూడాలి. వేడి చేసిన దానిలో వెన్న వాసన తేలితే ఇంకా రెండు మూడు రోజులు ఆగాలి. లాగర్లకు ఈ పరీక్ష తప్పనిసరి.

పాత్రలో తేలుతూ ఫోన్‌కు విలువలు పంపే పరికరాలు నమ్మదగినవేనా?

టిల్ట్ లాంటివి ద్రవంలో ఎంత వాలి తేలుతున్నాయన్న దాన్ని బట్టి సాంద్రతను లెక్కిస్తాయి. దిగుతున్న తీరు చూడడానికి బాగుంటాయి, మూత తెరిచే పని తప్పుతుంది. నురగ, ఈస్ట్ అంటుకుంటే వాలు మారి విలువ తప్పుతుంది కనుక చివరి మాట హైడ్రోమీటర్‌దే.

మొదటి సాంద్రత రాసుకోలేదు. ఇప్పుడేమి చేయాలి?

పులియడం ముగిసిందో లేదో తేల్చడానికి అది లేకపోయినా ఫరవాలేదు. రెండు మూడు నమూనాలు ఒకే విలువ చూపి, అది మీ ఈస్ట్, మాల్ట్‌లకు తగిన శ్రేణిలో ఉంటే చాలు. నష్టపోయేది ఆల్కహాలు శాతం లెక్క. మొదటి విలువలో నుంచి చివరిది తీసివేసి 131.25 తో గుణిస్తే ఆ శాతం వస్తుంది, 1.050 నుంచి 1.012 కు దిగిన బీరులో అది సుమారు 5. మొదటి విలువ లేనప్పుడు, పులిసిన బీరును హైడ్రోమీటర్‌తోను రిఫ్రాక్టోమీటర్‌తోను ఒకేసారి కొలిస్తే, రెండింటి మధ్య తేడా ఆల్కహాలు వల్ల వచ్చినదే కాబట్టి దాని నుంచి శాతాన్ని వెనక్కి అంచనా వేయవచ్చు.

ఇప్పటికే నింపిన సీసాల్లో ఒకటి తెరవగానే పొంగి నేలపాలైంది. మిగతావి ఏం చేయాలి?

పొడవు చేతుల చొక్కా, మందపాటి చేతి తొడుగులు, కంటి అద్దాలు వేసుకుని, సీసాలను కదిలించకుండా మందపాటి తువ్వాలు కప్పి, వీలైతే ఫ్రిజ్‌లోకి చేర్చాలి. చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది, ఈస్ట్ కూడా నెమ్మదిస్తుంది. ఒక రోజు చల్లబడ్డాక ఒక్కొక్క సీసానే తువ్వాలు కప్పి మూతను కొద్దిగా సడలించి వాయువు పోనిచ్చి మళ్ళీ బిగించవచ్చు. తెరిచిన సీసాలోని బీరును వాయువు పూర్తిగా పోయాక హైడ్రోమీటర్‌తో చూడాలి. నింపిన రోజు విలువ కంటే బాగా దిగి ఉంటే పులియడం ముగియకముందే నింపారని గాని, బయటి క్రిములు చేరాయని గాని అర్థం; దిగకుండా ఉంటే సీసా చక్కెర మోతాదు ఎక్కువైందేమో చూసుకోవాలి. పుల్లటి వాసన, వింత రుచి ఉంటే మిగతా సీసాలను కూడా చల్లబరచి, జాగ్రత్తగా తెరిచి పారబోయాలి.